పాలసీలో లేని ఇల్లు

అనంతపురం ఇన్సూరెన్సు ఆఫీసులో జయంతిని అందరూ ‘కానీ మేడం’ అనేవాళ్ళు. ఎదుట కాదు, మెట్లు దిగాక. పాలసీ తీసుకుంటే ఏమేం వస్తాయో చెప్పడానికి ఏజెంట్లు బోలెడుమంది ఉన్నారు. ఏవి రావో చెప్పే పని మాత్రం ఆమెది. బండల పాలిషింగు ఫ్యాక్టరీవాళ్ళు, క్రేన్లవాళ్ళు, లారీ షెడ్లవాళ్ళు సంతకాలు పెట్టి నిమ్మళంగా లేవబోతుంటే ఆమె “కానీ అన్నా...” అని మొదలుపెట్టేది. అంతే, వాళ్ళ మొహాలు ముడుచుకునేవి. పాలసీ చివరి పేజీల్లో సన్నటి అక్షరాలతో ఉండే మినహాయింపులన్నీ కంపెనీ మడతపేచీలని వాళ్ళ నమ్మకం. నిజానికి జయంతికీ లోలోపల ఆ అనుమానం లేకపోలేదు. అయినా చెప్పకుండా ఉండలేకపోయేది. నష్టం జరిగాక తెలిసే కన్నా ముందే తెలియడం మేలు కదా అని.

రెండు వేల ఎనిమిది ఎండాకాలంలో మద్దిలేటి అనే మనిషి ఆమె టేబులు ముందుకొచ్చి కూర్చున్నాడు. నలభై దాటిన వయసు, ఎంత కడిగినా గ్రీజు వదలని చేతులు. తాడిపత్రిలో బండలు ఎత్తే పనితో మొదలుపెట్టి, తర్వాత మద్రాసు పోయి ఇళ్ళు ఎత్తేవాళ్ళ దగ్గర చేరి, ఆ విద్య పట్టుకుని సొంత జిల్లాకు తిరిగొచ్చినవాడు.

“పబ్లిక్ లయబిలిటీ పాలసీ కావల్ల మేడం. అది ఉంటేనే పర్మిషన్ ఇస్తామంటాండారు రోడ్డోళ్ళు.”

“ఏం పని చేస్తావన్నా?”

“ఇల్లు జరుపుతా.”

“ఇంట్లో సామాన్లా?”

“సామాన్లు గాదు మేడం, ఇల్లే. గోడలు, మిద్దె, గడప, అన్నీ అట్లనే ఎత్తి ముప్పై అడుగులు ఎనక్కి పెడతా.”

జయంతి పెన్ను పక్కన పెట్టి అతని మొహం చూసింది. తమాషా చేస్తున్నట్టు లేడు. తాడిపత్రి రోడ్డు మీద ఒక ఊళ్ళో మేరాజ్ బీ అనే ఆమెకు పిండి మిషన్ ఉందట. మిషన్, కాపురం ఒకే ఇంట్లో. రోడ్డు వెడల్పు చేయడానికి వచ్చినవాళ్ళు ఆ ఇంటి నడిమధ్య ఎర్రరంగు గీత గీసి పోయారు. గీతకు ఇవతలి సగం కొట్టేస్తే అవతలి సగం నిలబడదు. భర్త బతికున్న రోజుల్లో ఒక్కో రాయీ తానే చెక్కి కట్టిన ఇల్లు, కొట్టనివ్వనని ఆమె పట్టు. వెనక దొడ్డి ఉంది కాబట్టి ఇంటినే వెనక్కి నెడతానని మద్దిలేటి ఒప్పుకున్నాడు.

“కానీ అన్నా...” అంది జయంతి. “నువ్వు ఎత్తే ఇంటికి ఈ పాలసీ రాదు.”

మద్దిలేటి రెప్పవేయకుండా విన్నాడు.

“పక్కింటోళ్ళ గోడ పడితే కంపెనీ ఇస్తాది. దావన పొయ్యే మనిషికి దెబ్బ తగిలితే ఇస్తాది. కరెంటు స్తంభం విరిగినా ఇస్తాది. నీ చేతికి అప్పజెప్పిన వస్తువుకు, నువ్వు పని చేస్తాండే వస్తువుకు నష్టం జరిగితే మాత్రం ఇయ్యదు. నీ పనికి నువ్వే పూచీ.”

“అంటే నా చెయ్యి పడనిదానికి మీరు, పడినదానికి నేను.”

“అంతే.”

అతను కాసేపు తన చేతులకేసి చూసుకున్నాడు. కోప్పడలేదు, బేరమాడలేదు. “న్యాయమే లేండి,” అన్నాడు. “కాకపోతే ఒక సాయం చేయండి మేడం. ఈ మాట నేను చెబితే, పూచీ ఎగ్గొట్టేదానికి చెబుతాండానని అనుకుంటాది ఆయమ్మ. మీరే వచ్చి చెప్పండి.”

పాలసీ ఇచ్చే ముందు చోటు చూసి రావడం ఎలాగూ ఆఫీసు పనే. మరుసటి వారం జయంతి బస్సెక్కింది.

ఊరి మొదట్లోనే ఉంది ఆ ఇల్లు. తాడిపత్రి రాతి గోడలు, బండలు పరిచిన మిద్దె, వాకిట్లో జల్లెళ్ళు ఆరేసి ఉన్నాయి. గుమ్మం, కిటికీ ఊచలు, ఆఖరికి మేరాజ్ బీ కనుబొమలు కూడా పిండితో తెల్లగా ఉన్నాయి. ఇంటికి ఎడమ పక్క నాలుగడుగుల సందు వదిలి వెంకటేశులు చెనక్కాయల గోడౌను ఉంది. ఆఫీసు మనిషి వచ్చిందని తెలియగానే అతను కండువా దులుపుకుంటూ వచ్చి నిలబడ్డాడు.

“నా గోడ సంగతేంది? ఈయప్ప ఇల్లు ఎనక్కి దొబ్బుతాడంట. జారి నా గోడౌను మింద పడితే ఎవురిస్తారు?”

“మీ గోడకు పాలసీ ఉండాది పెద్దాయనా. కంపెనీ ఇస్తాది.”

“మరి నా ఇంటికి?” అంది మేరాజ్ బీ.

జయంతి ఉన్నది ఉన్నట్టు చెప్పింది. విని మేరాజ్ బీ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఏడుస్తుందేమోనని జయంతి భయపడింది. ఆమె నవ్వుతోంది.

“బాగుండాదమ్మా. నా ఇల్లు తప్ప ఊరంతా పాలసీలో ఉండాది!” నవ్వు ఆపి మద్దిలేటివైపు తిరిగింది. “ఏమప్పా, నీ చేతుల మింద నీకు నమ్మకం ఉండాదా?”

“ఉండాదక్కా. భయం కూడా ఉండాది.”

“భయం ఉంటే మేలు. ఎత్తు.”

వచ్చేముందు జయంతి మద్దిలేటిని సందులోకి తీసుకుపోయి గోడౌను గోడ చూపించింది. “ఈ గోడ జోలికి పోవద్దన్నా. దీనికి దూలం ఆనించినా, తాడు కట్టినా ఇది కూడా నీ పనిలోకి వచ్చినట్టే. అప్పుడు దీనికీ పాలసీ రాదంటారు పైవాళ్ళు.” మద్దిలేటి, వెంకటేశులు ముందరే, గోడ మీద చెయ్యి వేసి, దీన్ని ముట్టను అని మాటిచ్చాడు.

ఆ తర్వాత మద్దిలేటి మనుషులు పిండి మిషన్ విప్పి బయట పెట్టారు. గోడల మొదట్లో కొంచెం కొంచెంగా రాయి తొలిచి, సందుల్లో దూలాల్లాంటి ఇనుప చానళ్ళు దూర్చి, వాటి కింద జాకీలు పెట్టుకుంటూ ఇల్లంతా చుట్టివచ్చారు. ఇల్లు లేపే రోజు కబురు పంపితే జయంతి సెలవు పెట్టి మరీ పోయింది. ఆఫీసుకు అవసరం లేదు. ఆమెకే చూడాలని ఉంది.

పొద్దుటి ఎండ ఇంకా ఏటవాలుగా ఉంది. రోడ్డు పొడుగునా జనం, ఆపిన ఆటోలు, గొర్రెలు తోలుకుపోతూ నిలబడిపోయిన కాపరులు. ఒక్కో జాకీ దగ్గర ఒక్కో మనిషి కూర్చున్నాడు. మద్దిలేటి విజిల్ ఊదాడు. అందరూ ఒక్కసారిగా సగం చుట్టు తిప్పారు. మళ్ళీ విజిల్. మళ్ళీ సగం చుట్టు. ఎంతసేపటికీ ఏమీ కాలేదు. జనంలో ఎవరో నవ్వారు కూడా.

అప్పుడు వినబడింది ఆ చప్పుడు. తడినేలలో చెనక్కాయ చెట్టు పీకితే వేర్లు మన్నును వదిలే చప్పుడుంటుందే, అలాంటిది, కాకపోతే ఇల్లంత చెట్టును పీకినట్టు. గోడల నుంచి సున్నం రాలింది. పొద్దు ఇంటి వెనకాల ఉంది. ఈ కొస నుంచి ఆ కొస దాకా గోడ కింద సన్నటి వెలుతురు గీత ఒకటి పుట్టింది.

నవ్వినవాడు నోరు మూసుకున్నాడు. ఒక ముసలాయన తలగుడ్డ తీసి చేత్తో పట్టుకున్నాడు. గీత వేలెడయింది, జానెడయింది. ఇల్లు నేలను వదిలేసి గాలిలో, ఇనుము మీద, మనుషుల చేతుల మీద నిలబడింది. ఇంటికీ దాని నీడకూ మధ్య ఎండ పారుతోంది. ఏ ఇంటి నీడా ఆ ఇంటిని విడిచి ఉండగా జయంతి ఎన్నడూ చూడలేదు.  ఎన్ని పాలసీలు రాసిందో, ఎన్ని సైట్లు చూసిందో. ఇంత పెద్ద వస్తువును ఇంత మెత్తగా పట్టుకోవడం చూడటం ఇదే మొదలు. నీ చేతిలో ఉన్నదానికి నువ్వే పూచీ అని తాను వందలమందికి వల్లించిన మాటకు ఇంత బరువుందని ఆమెకు అప్పటిదాకా తెలియదు.

మేరాజ్ బీ రోడ్డు అవతల నిలబడి చూస్తోంది. దువాకని రెండు చేతులూ ఎత్తి, ఆ దువా చదవడం కూడా మరిచిపోయి, ఎత్తిన చేతులు ఎత్తినట్టే ఉంచింది.

వెనక్కి నెట్టే పని ఆ ఆదివారం మొదలైంది. ఇంటి కింద ఇనుప పట్టాలు వేసి, ఉక్కు రోలర్లు పెట్టారు. జయంతి బస్సు దిగేసరికి ఇల్లు అప్పటికే ఒక బారెడు జరిగి ఆగి ఉంది. ఎందుకు ఆగిందంటే, మేరాజ్ బీ నిచ్చెన వేసుకుని లోపలికెక్కి కూర్చుంది. దిగమంటే దిగదు.

“మేడం, మీరన్నా చెప్పండి,” అన్నాడు మద్దిలేటి తల పట్టుకుని.

జయంతి చెప్పులు విడిచి నిచ్చెన ఎక్కింది. లోపల ఖాళీ గది మధ్యలో మేరాజ్ బీ చాప పరుచుకుని కూర్చుని ఉంది. దుమ్ము రాకుండా తలుపు మూయమంది. జయంతి మూసింది.

“అక్కా, దిగు. మనిషి లోపలుంటే కంపెనీ ఒప్పుకోదు.”

“నా ఇల్లే పాలసీలో లేదంటివి కదమ్మా. లేని ఇంట్లో నేనుంటే వాళ్ళదేం పాయె?”

“ఇంటికి లేదు. నీకుంది. నీకు దెబ్బ తగిలితే కంపెనీ ఇయ్యల్ల.”

“అట్లనా! రాయికి లేదు, నాకుందా!” ఆమె ఆశ్చర్యపోయి, అంతలోనే తల అడ్డంగా ఊపింది. “అయినా దిగనమ్మా. పెండ్లికూతుర్ని ఒక్కదాన్నే పంపిస్తామా? తోడు పోవల్ల కదా. కూచో, నువ్వు కూడా.”

బయట విజిల్ మోగింది. మూసిన తలుపు చూసి ఇద్దరూ దిగిపోయారనుకున్నారో, మాట తెగదని విసిగిపోయారో, పని మొదలైపోయింది. ఆమె తలుపువైపు అడుగు వేయబోయి ఆగింది. కిటికీలో రోడ్డు అవతల, ఒక పక్కగా, కరెంటు స్తంభం కనిపిస్తోంది. అది కదులుతోంది. ఒక ఊచ దాటి మెల్లగా రెండో ఊచ వెనక్కి పోతోంది. కాళ్ళ కింద ఏ కుదుపూ లేదు. గోడలు గోడల్లాగే ఉన్నాయి. లోకమే ఇంటి ముందు నుంచి నడిచి పోతున్నట్టుంది. జయంతి గోడకు అరచెయ్యి ఆనించింది. రాయి లోలోపల సన్నగా, నిద్రపోతున్న ఆవు డొక్కలా అదురుతోంది.

“తెలుస్తాందా?” అంది మేరాజ్ బీ గుసగుసగా.

జయంతి తల ఊపింది. చాప మీద కూర్చుండిపోయింది.

సగం దూరం పోయారో లేదో, ఎడమ పక్క నేల కింద ఏదో గుభీలుమంది. గది ఒక్కసారిగా వాలింది. చాప జారింది. మిద్దె బండలు ఒకదానితో ఒకటి రాసుకుని కీచుమన్నాయి. గోడ మూల నుంచి పైదాకా పగులు పాకింది, కళ్ళముందే. జయంతి తలుపు మీద పడి లాగింది. చట్రం వంకరపోయి తలుపు బిగుసుకుపోయింది. కిటికీకి ఇనుప ఊచలు.

బయట కేకలు. జయంతి పాకుతూ కిటికీ దగ్గరికి చేరింది. కింద పట్టా మట్టిలోకి కుంగిపోయింది. ఇల్లు గోడౌనువైపు వాలి ఉంది. ఇద్దరు మనుషులు దూలాలు భుజాన వేసుకుని సందులోకి పరుగెత్తారు. ఇల్లు ఇంకా జారకుండా దూలం ఒక కొన ఇంటి కింది చట్రానికి, రెండో కొన దేనికో ఒకదానికి ఆనాలి. ఆ సందులో ఉన్నది గోడౌను గోడ ఒక్కటే.

“ఆపండి! ఆ గోడకొద్దు!” మద్దిలేటి అరిచాడు. “కింద నేను దూరి జాకీ పెడతా.” అప్పటికే అతను మోకాళ్ళ మీద వంగి, వాలిన ఇంటి కిందికి తల దూరుస్తున్నాడు.

 ఆ గోడను ముట్టొద్దని అతనికి చెప్పింది జయంతే.

“గోడకు ఆనించన్నా!” ఊచలు పట్టుకుని గొంతు చించుకుని అరిచింది. “పాలసీ సంగతి నేను చూసుకుంటా. ఆనించు!”

మద్దిలేటి ఇంటి కింద నుంచి తల బయటపెట్టి ఆమెను కాదు, వెంకటేశులును చూశాడు. మాటిచ్చింది అతనికి కదా. నెలరోజులుగా తన గోడ గురించి తప్ప మరో మాట మాట్లాడని వెంకటేశులు కండువా విసిరికొట్టి ముందుకొచ్చాడు.

“నన్నేం జూస్తావప్పా! మనుషులుండారు లోపల! ఆనించు, గోడ పోతే పోనీ!” అంటూ తానే దూలం కొన ఎత్తి గోడకు పెట్టాడు.

దూలాలు బిగిశాయి. ఇల్లు మూలిగింది, నిలిచింది. గోడౌను గోడ మెల్లగా పొట్టలా వెనక్కి ఉబ్బుతోంది. ఆ గోడ మోసినంతసేపూ మద్దిలేటి మనుషులు కుంగిన చోట రాళ్ళు, మొద్దుల్లాంటి రైలు స్లీపర్లు నింపి కొత్త జాకీలు పెట్టారు. విజిల్. సగం చుట్టు. విజిల్. సగం చుట్టు. కిటికీలో పక్కకు ఒరిగిపోయినట్టు కనబడుతున్న స్తంభం అంగుళం అంగుళంగా నిటారవుతుంటే, జయంతి, మేరాజ్ బీ ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని కూర్చున్నారు. తలుపు పగలగొట్టి వాళ్ళిద్దర్నీ దించి, దూలాలు సడలించాక, గోడౌను గోడ ఇక నా వల్ల కాదన్నట్టు లోపలికి కూలి చెనక్కాయల మూటల మీద పడింది. దుమ్ము లేచింది. 

కుంగిన చోట ఏముందో తర్వాత చూశారు. మట్టి కింద పగిలిన బండ, దాని కింద బానలాగా గుండ్రంగా, నున్నటి గోడలతో నిలువెత్తు గొయ్యి. జొన్నల పాతర. కరువుకాలంలో గింజలు దాచుకోవడానికి ఎవరి ముత్తాతలు తవ్వారో, ఎప్పుడు మూశారో ఊళ్ళో ఎవరికీ తెలియదు. పెద్ద ముసలివాళ్ళకు కూడా తెలియదు. మద్దిలేటి అంచున కూర్చుని లోపలికి చెయ్యి పెట్టాడు. ఇంత ఎండలోనూ చల్లటి గాలి వచ్చింది, పాత గింజల వాసనతో. జయంతి కూడా వంగి ఆ వాసన పీల్చింది. ఏ పేజీలోనూ ఎవరూ ముందుగా రాయలేని సంగతులు నేల కింద ఇంకా ఎన్ని ఉన్నాయో అనిపించింది.

మరునాడు ఆఫీసులో మేనేజరు ఆమె రిపోర్టు చదివి అద్దాలు తీసి పక్కన పెట్టాడు.

“గోడను ఊతానికి వాడుకున్నారు. అంటే అది వాళ్ళ పనిలోకి వచ్చినట్టే. మినహాయింపు. ఈ ముక్క నువ్వే వాళ్ళకు చెప్పినావు కూడా.”

“చెప్పినాను సార్. కానీ గోడను వాడుకున్నది ఇల్లు కాపాడేదానికి కాదు. లోపల ఇద్దరు మనుషులుండారు. ఇల్లు పడితే వాళ్ళ ప్రాణాలకు పరిహారం పాలసీలో ఉండాది కదా, అది కంపెనీ ఇయ్యల్ల. అది తప్పించేదానికి గోడ పోయింది.”

“ఆ ఇద్దరిలో ఒకదానివి నువ్వు.”

“అవును సార్. దాచలేదు, రాసినాను.”

“నడిచే ఇంట్లోకి ఎందుకెక్కినావు?”

“ఆమెను దించేదానికి ఎక్కినాను.”

“దించినావా?”

జయంతి నిజం చెప్పింది. “లేదు సార్. ఇల్లు కదిలింది. చూస్తా కూచుండిపోయినాను.”

మేనేజరు కసురుకోబోయి ఆగాడు. పాతికేళ్ళుగా కాలిన గోడౌన్లు, నుజ్జయిన లారీలు చూసిన మనిషి. కాసేపటికి గొంతు తగ్గించి, “లోపల ఎట్లుంటుంది?” అని అడిగాడు. జయంతి చెప్పడానికి ప్రయత్నించింది. కుదరలేదు. అరచెయ్యి టేబులు మీద ఆనించి, ఇట్ల, అంది. ఆయన తన చెయ్యి కూడా టేబులు మీద పెట్టి చూసుకుని, నవ్వి, ఫైలు పై ఆఫీసుకు పంపాడు.

పై ఆఫీసు నుంచి జవాబు రావడానికి చాలా కాలం పట్టింది. వెంకటేశులు గోడకు పరిహారం మంజూరైంది. జయంతి వాదన ఒప్పుకున్నారు. ఆమెకు మెమో కూడా అదే కవరులో వచ్చింది, పని జరిగే చోట అజాగ్రత్తగా ప్రవర్తించినందుకు. మేరాజ్ బీ ఇంటి గోడ పగులుకు ఏమీ రాలేదు. రాదని అందరికీ ముందే తెలుసు. అది మద్దిలేటి చేతిలోని పని. అతనే తాడిపత్రి పోయి అదే రంగు రాయి వెతికి తెచ్చి, పగిలిన మూల విప్పి, మళ్ళీ కట్టాడు. పక్కన నిలబడి రాళ్ళు అందించింది మేరాజ్ బీ. ఆ రాయి ఇటు తిప్పు, ఆ రాయి అటు తిప్పు అని ఆమె చెబుతుంటే అతను మారు మాట్లాడకుండా తిప్పేవాడు.

ఆ జవాబు రాకముందే, పాతర పూడ్చాక, మిగిలిన దూరం జరపడానికి ముహూర్తమేమీ చూడలేదు. ఒక బుధవారం పొద్దున్నే మొదలుపెట్టారు. ఈసారి లోపల ఎవరూ లేరు. మేరాజ్ బీ ఇంటి పక్కనే, గోడ మీద చెయ్యి ఆనించి, అడుగులో అడుగు వేస్తూ నడిచింది. బడికి పోయే పిల్లలు, బస్సు దిగిన జయంతి, కూలిన గోడ రాళ్ళ మీద కూర్చున్న వెంకటేశులు, అందరూ చూస్తూ ఉన్నారు. అంత పెద్ద ఇల్లు, ఆమె నడిచినంత మెల్లగా, ఆమె పక్కనే నడిచింది. దొడ్లో కట్టిన కొత్త పునాది మీదికి వచ్చి ఆగింది. జాకీలు ఒక్కొక్కటిగా దించారు.

ఇల్లు పోయిన చోట ఎర్రటి నేల మీద పొడుగాటి నలుచదరం మిగిలింది. ఇన్నేళ్ళుగా ఎండ తగలని మట్టి, ముదురు రంగులో, చెమ్మగా ఉంది. దాన్ని తొక్కడానికి పిల్లలు కూడా వెనకాడారు.

మధ్యాహ్నానికి మిషన్ బిగించారు. ఒకామె కొర్రల బుట్ట నెత్తిన పెట్టుకుని వచ్చి, పాత చోట ఇల్లు కనబడక, అటూ ఇటూ చూసి, “మేరాజూ, యాడికి పోతివే?” అని కేకేసింది.

“ఈడనే ఉండాను, రా!” అని లోపల నుంచి మేరాజ్ బీ బదులిచ్చి మిషన్ బెల్టు తగిలించింది.